ముప్పై ఎనిమిది సైజు గోల్‌కీపర్

శనివారం పొద్దున సిగ్రున్ వేసుకున్న పథకంలో తిరకాసేమీ లేదు. ఎనిమిది నుంచి పన్నెండు దాకా పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేయాలి. ఒంటిగంటకల్లా మంచు మైదానముండే రింకుకు చేరాలి. రెండింటికి మంచుమీద హాకీ ఆడాలి. మొదటి రెండూ అలవాటైన పనులే, మూడోదే కొత్త. యాభై నాలుగేళ్ళ జీవితంలో ఆమె మొగుడి హాకీ సంచీ మోసింది, ముగ్గురు పిల్లల సంచులు మోసింది, వాటిలోంచి వచ్చే కంపును వసారాలో ఆరబెట్టింది. ఆ సంచుల్లోని సామాను తన ఒంటిమీద వేసుకోవడం మాత్రం ఇదే మొదటిసారి.

సిగ్రున్ ఊరు సాండ్‌విక్‌కూ పక్కనున్న ఓల్సన్ బేకూ కలిపి ఒకటే రింకు. రెండు ఊళ్ళకూ యాభై దాటిన ఆడవాళ్ళ జట్లున్నాయి. ఏటా మొదటి ఆట గెలిచిన జట్టుకు ఆ చలికాలమంతా శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు మంచుమీద ఆడే వంతు దొరుకుతుంది. ఓడినవాళ్ళకు ఆదివారం పొద్దున ఆరింటికి. సాండ్‌విక్ ఆడవాళ్ళు నాలుగేళ్ళుగా ఆరింటికే వస్తున్నారు.

ఏడింటికి సిగ్రున్ గరాజ్‌లోకి వెళ్ళి, మొగుడు హాల్డోర్ పాత సంచీ విప్పి, కెవ్వున అరిచింది. మోకాలి కింద కట్టుకునే షిన్‌గార్డుల్లో ఎలుకలు పిల్లల్ని పెట్టాయి.

"దీనికింత గొడవెందుకు?" అన్నాడు హాల్డోర్. "లెనార్డ్ ఆటసామాన్ల కొట్టుకి ఫోన్ చేస్తాను. వాడి పెళ్ళాం ఎలాగూ ఆటకొస్తుంది, వాడే సామాను పట్టుకొస్తాడు. కొలత చెప్తే చాలు."

"నేను వెళ్ళి వేసుకుని చూడకుండానా?"

"నలభై ఏళ్ళు హాకీ ఆడినవాణ్ణి. నాకు తెలీదంటావా?"

అతను కుట్టుమిషను డ్రాయరు లాగి టేపు తీశాడు. భార్యను వంటింట్లో నిలబెట్టి, మోకాలిచిప్ప మధ్య నుంచి నేలదాకా కొలిచాడు. స్కేట్లు తొడిగించి, వాటి పైఅంచు దాకా కొలవాలన్న సంగతి నలభై ఏళ్ళలో ఎవరూ అతనికి చెప్పినట్టు లేదు. పైగా టేపుకు ఒకవైపు అంగుళాలు, రెండోవైపు సెంటీమీటర్లు ఉన్నాయి. కళ్ళజోడు స్నానాల గదిలో ఉంది.

"ముప్పై ఎనిమిది," అన్నాడు, ఏ వైపు చదివాడో చూసుకోకుండా.

హాల్డోర్‌కు చెవులు కూడా కాస్త మందమే. వినపడలేదని ఒప్పుకోవడం ఇష్టంలేక, ఫోన్లో ఎవరేమడిగినా "అవునవును" అంటాడు. ఈ పద్ధతి వల్ల అతనికి ఇంతకుముందు పెద్దగా నష్టం కలగలేదు.

"ఒరేయ్ లెనార్డ్! కాళ్ళకి ప్యాడ్లు కావాలిరా, ముప్పై ఎనిమిది."

అవతల లెనార్డ్ కాఫీ కప్పు కింద పెట్టాడు. షిన్‌గార్డులు పదమూడో పదిహేనో అంగుళాలుంటాయి. ముప్పై ఎనిమిదంటే గోల్‌కీపర్ ప్యాడ్లు. అందులోనూ తాటిచెట్టంత మనిషికి. "గోల్‌కీపర్‌కా?"

"అవునవును."

"మనిషి ఆరున్నర అడుగులుంటుందిరా అయితే!"

"అవునవును."

"ఎక్కడా వినలేదే! ఆటకి కొత్తా?"

ఈ మాట మాత్రం స్పష్టంగా వినపడింది. "కొత్తే."

"బాగా అడ్డంపడుతుందా?"

హాల్డోర్ భార్య వైపు చూసి నిట్టూర్చాడు. "ముప్పై ఏళ్ళుగా అడ్డంపడుతూనే ఉంది."

లెనార్డ్ భార్య మార్లిస్ ఓల్సన్ బే జట్టు కెప్టెన్. తొమ్మిదికల్లా ఆమెకు సంగతి తెలిసిపోయింది. తొమ్మిదింబావుకు సాండ్‌విక్ కెప్టెన్ రాగ్నాకు ఫోన్ చేసింది.

"సిగ్గుండాలి! బయటినుంచి ఆరున్నర అడుగుల గోల్‌కీపర్‌ని దించుతారా?"

రాగ్నాకు ఏమీ అర్థం కాలేదు. అర్థం కాలేదని మార్లిస్‌కు తెలియనివ్వడం అంతకంటే ఇష్టంలేదు. "దించుతాం. ఏం, భయమేస్తోందా?" అని ఫోన్ పెట్టేసి, వెంటనే అన్నయ్యకు చేసింది. హాల్డోర్ ఆమెకు స్వయానా అన్న.

"అన్నయ్యా, మనకి కొత్త గోల్‌కీపర్ని నువ్వేనా తెచ్చింది?"

"అవునవును."

"నాతో ముక్కయినా చెప్పలేదే! మరి తోరాని రావద్దని చెప్పెయ్యనా?"

"అవునవును."

తోరా పదకొండేళ్ళుగా జట్టుకు గోల్‌కీపర్. ఇవాళ విశ్రాంతి తీసుకోమన్న మాట వినగానే ఆమె గాలం భుజాన వేసుకుంది. గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పట్టే గుడిసెకు వెళ్ళి, ఫోన్ ఆపేసి, మంచులో వేసిన కన్నంలోకి గాలం వదిలి కూర్చుంది.

అక్కడ ఓల్సన్ బేలో మార్లిస్ తన జట్టును పదింటికే బడి వెనక మైదానంలో పోగుచేసింది. "పొడుగు మనిషి వంగలేదు. పైకి కొడితే పక్ ఆపేస్తుంది. ప్రతి దెబ్బా నేలకంటుకునే పోవాలి," అంది. పక్ అనే ఆ రబ్బరు బిళ్ళను రెండు గంటలపాటు నేలబారుగానే కొట్టించింది.

ఒంటిగంటకు లెనార్డ్ రింకు తలుపులోంచి పక్కకు తిరిగి లోపలికొచ్చాడు. ప్యాడ్లు ఎదురుగా పట్టలేదు. రెండు పరుపుల్లాంటివాటిని డ్రెస్సింగ్ రూములో గోడకు నిలబెట్టి, "ఏదీ ఆవిడ?" అని నలుదిక్కులా చూశాడు.

"అవి నాకే," అంది సిగ్రున్. ఆమె ఎత్తు ఐదడుగులకు ఒక అంగుళం తక్కువ.

రాగ్నా ముందు వదినను చూసింది, తర్వాత ప్యాడ్లను చూసింది, ఆపైన అన్నయ్యను చూసింది.

"అన్నయ్యా, ఆ ఆరున్నర అడుగుల మనిషేదీ?"

"అవునవును," అన్నాడు హాల్డోర్.

తోరాకు ఫోన్ చేస్తే మోగలేదు. గోల్‌కీపర్ లేకుండా ఆడితే ఓడినట్టేనని రిఫరీ తేల్చాడు. ముప్పై ఎనిమిది అంగుళాల దాకా ప్యాడ్లు రూలు ఒప్పుకుంటుందని కూడా ఆయనే పుస్తకం తిరగేసి చెప్పాడు.

"నాకు షిన్‌గార్డులు కావాలంతే," అంది సిగ్రున్ గొంతు తగ్గించి. "నేను పరిగెత్తాలనుకున్నాను."

"ఓడితే పొద్దున్నే ఆరింటికి పరిగెడుదువుగాని వదినా, ముందు నిలబడు," అంది రాగ్నా బెల్టులు బిగిస్తూ. ప్యాడ్లు తొడలు దాటి పొట్టమీదికి వచ్చాయి. తోరా వదిలేసిన గోల్‌కీపర్ ముసుగు తలమీద గుమ్మడికాయలా తిరిగింది. సిగ్రున్ కుడివైపు చూస్తే అది ఎడమవైపు చూసింది.

ఆమెను గోల్ ముందుకు ఇద్దరు మోసుకెళ్ళారు. ఓల్సన్ బేవాళ్ళు ఆమెను చూసి గాభరాపడ్డారు. "అసలావిణ్ణి దాచిపెట్టారే! చివర్లో దించుతారు కాబోలు," అంది మార్లిస్. "మన పద్ధతి మార్చకండి!"

మొదటి దెబ్బ రాకముందే సిగ్రున్ కాలు కదపబోయి పక్కకు కూలింది. గోల్ ముందు ఈ కొస నుంచి ఆ కొసకు, నరికిన మానులా అడ్డంగా పడింది. నేలబారుగా వచ్చిన పక్ ఆమె ప్యాడ్‌కు తగిలి వెనక్కి పోయింది. రెండోదీ అంతే. ఆట ఆగినప్పుడల్లా ఇద్దరొచ్చి లేపుతారు, ఆట మొదలవగానే ఆమె మళ్ళీ పడుతుంది. పొద్దుటినుంచి నేలబారుగా కొట్టి కొట్టి అలవాటైన చేతులు పైకి లేవనన్నాయి. లేచినవి ఒకటి రెండు గోల్ మీదుగా ప్రేక్షకుల్లోకి పోయాయి.

ముసుగులోంచి సిగ్రున్‌కు మంచు తప్ప ఏమీ కనపడలేదు. "ఎవరు గెలుస్తున్నారు?" అని ఆమె అరిచినప్పుడల్లా, "కదలకు వదినా!" అన్న జవాబే వచ్చింది.

చివరి రెండు నిమిషాల్లో ఓల్సన్ బే మొత్తం మీదికి దూసుకొచ్చింది. మార్లిస్ బలంకొద్దీ కొట్టిన పక్ సిగ్రున్ మోకాలి దగ్గర తగిలి, అంతే వేగంతో వెనక్కి దొర్లి, మధ్యలో ఒంటరిగా ఉన్న రాగ్నా కర్రకు చేరింది. ఆమెకు అడ్డం ఎవరూ లేరు. ఒకటి, సున్నా. నాలుగేళ్ళ తర్వాత శనివారం రెండు గంటల మంచు సాండ్‌విక్‌కు దక్కింది. ఇకనుంచి గోల్‌కీపర్ ఈమేనంటూ సిగ్రున్‌ను ప్యాడ్లతో సహా భుజాలకెత్తుకుని ఊరేగించారు. ముసుగు తీశాక కూడా ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో ఎవరికీ తెలియలేదు. ఆమెకూ తెలియలేదు.

లెనార్డ్‌కు మాత్రం మనసు ఒప్పుకోలేదు. నలుగురిలో తన కొట్టు పరువు పోయిందని, మరుసటి వారం సిగ్రున్‌ను పిలిపించి గంటసేపు కూర్చోబెట్టాడు. స్కేట్లు తొడిగించాడు, మోకాళ్ళు వంచి చూపమన్నాడు, మోకాలు ప్యాడ్‌లోని మెత్తమీద సరిగ్గా ఆనిందో లేదో వేలు పెట్టి చూశాడు. తల ఎంత విదిల్చినా కదలని ముసుగు ఇచ్చాడు. కాళ్ళకు ఇరవై ఎనిమిది సైజు చాలన్నాడు. సిగ్రున్ వంగింది, లేచింది, కొట్టులోనే అటూ ఇటూ జరిగింది. ఎక్కడా ఒరుసుకోలేదు, ఎక్కడా జారలేదు. ఒకదాని వెంట ఒకటి వచ్చే పక్‌లన్నీ ఇప్పుడు స్పష్టంగా చూడగలనని ఆమెకు ధైర్యం వచ్చింది.

తర్వాతి ఆటలో ఆమె పదకొండింటిని స్పష్టంగా చూసింది, పదకొండూ గోల్లోకే వెళ్ళాయి.