అష్టమినాటి బీరపువ్వు సమరం

ప్రచండ మార్తాండుడు నగరంలోని డాబాలన్నింటినీ పెనాల్లా కాల్చి, కుళాయి నీళ్లను కాఫీకి పనికొచ్చేటంతగా మరగబెట్టి, కుక్కలను కార్ల కిందికీ మనుషులను ఫ్యాన్ల కిందికీ తరిమివేసి, ఇక జయించడానికేమీ మిగలక పడమటికి వాలుతున్న ఒకానొక గ్రీష్మ సాయంకాలాన, నడినెత్తిన అష్టమి చంద్రుడు సగం కొరికిన బిళ్లలా వెలవెలబోతుండగా, నాలుగంతస్తుల భవన శిఖరాన, పదకొండు ప్లాస్టిక్ బకెట్ల పరివేష్టితుడై, ఒంటిన బనియనూ కంట భూతద్దమూ ధరించి నిలిచినవాడెవడయ్యా అంటే, ఘటికాయంత్ర చికిత్సా ధురంధరుడు, ఆగిపోయిన కాలాన్ని పట్టకారుతో కదిలించగల ప్రతాపశాలి, వీధి వీధంతా వాచీల డాక్టరని పిలుచుకునే ఆ మహావీరుడే!

ఆ వీరుడికొక వ్రతముంది. వేసవిలో ప్రతి పున్నమికీ డాబామీద చాప పరచి, వెన్నెట్లో భోంచేయాలి. ఆ భోజనంలో కూర ఆ డాబామీద పండినదే కావాలి. మొదటి పున్నమినాటికి విత్తనాలు కళ్లు తెరవలేదు గనుక బజారు సొరకాయనే చంద్రుడికి చూపించి వండుకున్నారు. రెండో పున్నమినాటికి పాలకూర ఎండకు మాడి, చేత్తో తాకితే పొడుమై రాలింది. అప్పుడు లెక్కల టీచరైన ఆయన సహధర్మచారిణి, తడి దుప్పటి భుజాన వేసుకుని, తీర్పు చెప్పింది.

"చూడండీ, వచ్చే పున్నమికి మన కూర ఇక్కణ్నుంచి రాకపోతే, ఈ బకెట్లన్నీ ఖాళీ చేసేయండి. నాలుగు దుప్పట్లు ఆరేసుకుందామంటే కాలు పెట్టే చోటు లేదు."

"దేవీ! మేరుపర్వతం ఒరిగినా, సప్తసముద్రాలు ఇంకినా, కంఠంలో ప్రాణముండగా ఈ మృత్తికాపూర్ణ పాత్రలను వీడేవాణ్ని కాను!" అని గర్జించాలనుకున్నాడు వీరుడు. తీరా నోరు తెరిస్తే, "అలాగేలే," అని వచ్చింది.

ఇక మిగిలిన ఆశ ఒక్క బీరతీగ. అది పిట్టగోడ పొడవునా పాకి, పందిరి నిండా పసుపుపచ్చని పూలు పూసింది. చిటికెన వేలంత పిందెలూ వేసింది. వేసినవి వేసినట్టే పసుపుబారి, రోజుకొకటిగా రాలిపోతుంటే, వీరుడు ఒక్కోదాన్నీ అరచేతిలో పెట్టుకుని, స్ప్రింగు తెగిన వాచీని చూసినట్టు చూసేవాడు. దుకాణంలో కూర్చున్నా ఆ పిందెలే కళ్లలో మెదిలేవి.

గాలి కోసం డాబా ఎక్కిన అత్తగారు ఆ అష్టమినాడు కుర్చీలో కూర్చుని, విసనకర్ర ఆపి, రహస్యం విప్పింది.

"అల్లుడుగారూ, ఇంత ఎత్తుకి తేనెటీగలు రావు. మగపువ్వు తెంపి ఆడపువ్వులో మీరే అద్దాలి. ఇదిగో, ఇలా సాయంత్రం విచ్చుకున్నప్పుడే. రేపటికి వాడిపోతాయి."

"ఆడపువ్వేదో ఎలా తెలుస్తుందండీ అత్తయ్యగారూ?"

"వెనకాల పిందె ఉంటుంది. వాచీలో ఇసకరేణువు కనిపెడతారు, ఇది కనిపెట్టలేరూ?"

వెతకగా వెతకగా ఆనాడు విచ్చిన ఆడపువ్వు ఒకే ఒక్కటి. దానికి మూరెడు దూరంలో, తాడుమీద బారులు తీరి, తెల్లని పతాకాలతో కదనానికి కాలు దువ్వుతున్నది దుప్పట్ల సేన! వీరుడు మగపువ్వును తెంపి, రేకులు ఒలిచి, పట్టకారున బిగించి, ఊపిరి బిగబట్టి ముందుకు వంగాడో లేదో, ఎక్కణ్నుంచి వచ్చిందో పాడుగాలి, డబుల్‌కాట్ దుప్పటి ఒకటి లేచి ఫెడీమని ఆయన చెంప వాయించింది. భూతద్దం ఊడింది. పట్టకారు జారింది. పువ్వు ఎగిరి బకెట్ల సందున పడింది. ముప్ఫయ్యేళ్లు కుర్చీ దిగకుండా పనిచేసిన ఆ నడుము అప్పుడు వంగి, కాలే సిమెంటుమీద మోకాళ్లతో పాకి, ఆ పువ్వును తిరిగి చేజిక్కించుకున్నది.

అది చూసి అత్తగారు చెంగు బిగించి లేచింది. దుప్పటి రెండు కొసలూ ఒడిసిపట్టి, దాన్ని పొట్టకు అదుముకుని నిలబడింది.

"కానివ్వండి నాయనా, చేతులు లాగేస్తున్నాయి!"

వెంట్రుకంత స్ప్రింగును సైతం వణక్కుండా బిగించే ఆ చెయ్యి, పట్టకారును మెల్లగా ఆడపువ్వులోకి దించింది. పుప్పొడి తగలవలసిన చోట తగిలింది. సరిగ్గా అప్పుడే మెట్లమీద ఇల్లాలు ప్రత్యక్షమైంది.

"నా దుప్పటితో ఏం చేస్తున్నారే అమ్మా, ఇద్దరూ?"

"పెళ్లి," అంది అత్తగారు. "మాట్లాడక అక్షింతలెయ్యి."

ఆ పిందె పసుపుబారలేదు. తెల్లారేసరికి తల కిందికి దించి, మూడోనాటికి వేలంతై, అయిదోనాటికి అరచేతిని దాటింది. వీరుడు దుకాణానికి తాళంవేసి రోజుకు తొమ్మిదిసార్లు మెట్లెక్కాడు. ఊళ్లో వాచీలన్నీ ఆ వారం ఆలస్యంగా బాగుపడ్డాయి. ఒకనాడు పొద్దున్నే పైకి వెళ్లేసరికి, ఇల్లాలు బళ్లో పిల్లల చేత గీతలు గీయించే స్కేలును కాయ పక్కన పెట్టి కొలుస్తోంది.

"ఆరిన బట్టలు తీద్దామని వచ్చాను," అంది, స్కేలు వెనక్కి దాస్తూ.

తూర్పున చంద్రబింబం పళ్లెమంత వెడల్పున లేచిన ఆ పున్నమి సాయంత్రం, జానెడు బీరకాయ వీరోచితంగా పొయ్యికెక్కింది. బీరకాయ సంగతి తెలిసిందేగా. తరిగినప్పుడు గిన్నె నిండా ఉన్నది, ఉడికేసరికి గుప్పెడైంది. చాపమీద ముగ్గురూ కూర్చున్నారు. విజేతే వడ్డించాడు. అత్తగారికి రెండు చెంచాలు, భార్యకు రెండు. తన కంచం వంతు వచ్చేసరికి గరిటె గిన్నె అడుగున గణగణలాడింది.

"నాకు పెద్దగా ఆకలి లేదులే," అన్నాడు వీరుడు, చంద్రుణ్ని చూస్తూ.

ఇల్లాలు తన కంచంలోంచి ఒక ముక్క ఏరి, ఆయన అన్నంమీద పెట్టింది. ఆయన దాన్ని వెంటనే మింగలేక, నాలుకమీద ఇటూ అటూ తిప్పి, కళ్లు మూసుకుని నమిలాడు.

"ఎలా ఉంది?" అందామె.

"బీరకాయలాగే ఉంది," అన్నాడు.

"వచ్చే పున్నమికి రెండు కాయించండి. ఒక్కటి ఏ మూలకి?"

దిక్కులు పిక్కటిల్లేలా శంఖాలు మోగవలసిన ఆ ఘడియలో, కింది అంతస్తులో ఎవరిదో కుక్కరు కూతేసింది. దాన్నే విజయభేరిగా స్వీకరించి, దుప్పట్ల సేనా విమర్దనుడు, ఏకపుష్ప వివాహ పురోహితుడు, వాచీల డాక్టరు, చంద్రుడి సాక్షిగా, ముప్పావు అంగుళం బీరముక్కకు చక్రవర్తి అయ్యాడు.