తిట్టినవారికే సూట్‌కేసు

చేతికి కానుక అందిన మరుక్షణం మానవజాతి కృతజ్ఞతతో నీళ్ల మోటార్లు కొనడం మొదలుపెడుతుందని మావారి సిద్ధాంతం. ఆయన మోటార్ల కంపెనీలో మార్కెటింగ్ మేనేజరు. ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. పంచగా మిగిలిన కానుకలన్నీ మా ఇంటికే వస్తాయి. మేం కంపెనీ కప్పులో కాఫీ తాగి, కంపెనీ గడియారం చూసి, కంపెనీ గొడుగు కింద తడుస్తాం.

"ఒరేయ్, తుడుచుకుంటే మీ కంపెనీ ఫోన్ నంబరు నా వీపు మీద దిగుతోందిరా!" అన్నారు మా అత్తగారు తువ్వాలు విసిరేస్తూ.

"ప్రచారం అమ్మా."

"నా వీపు చూసి మోటారెవడు కొంటాడురా?"

ఈమధ్య కంపెనీలో కానుకల సమన్వయాధికారి అనే పదవి పుట్టింది. దానికి మావారే తగినవారని మావారే సిఫారసు చేశారు. వెంటనే ఒక విధానం వెలువడింది. దాని ప్రకారం, వేరే కంపెనీకి పోతామని తిట్టి బెదిరించేవారికి సూట్‌కేసు. ఊగిసలాడేవారికి ఫ్లాస్కు. ఏళ్ల తరబడి నోరెత్తకుండా మన సరుకే కొనేవారికి పెన్ను. (నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు గానీ, నోరు చెడ్డదైతే సూట్‌కేసు వస్తుందని ఎవరూ అనలేదు.)

"నమ్మకస్తులకి పెన్నేనా?" అని అడిగాను.

"వాళ్లెక్కడికి పోతారే!" అన్నారు.

నిజమే. మొన్న నా పుట్టినరోజుకి నాకొచ్చిందీ పెన్నే.

బజారు చివర మోటార్ల కొట్టు పెద్దాయన కంపెనీకి మొట్టమొదటి కస్టమరు. కంపెనీ అమ్మకాల్లో సగం ఆ కొట్టు మీదే నడుస్తాయి. ఆ సగం మీద మావారి ఉద్యోగం నడుస్తుంది. ఒక మధ్యాహ్నం, మావారు లేని వేళ చూసి, ఆయన మా ఇంటికొచ్చారు.

"ఎదురు కొట్టువాడికి సూట్‌కేసిచ్చారటమ్మా. నిన్నగాక మొన్న తెరిచాడు. నాకు సూట్‌కేసెందుకు, నేనెక్కడికీ వెళ్లను. కానీ బేరానికొచ్చినవాళ్లు 'నీకేమిచ్చారు?' అని అడుగుతుంటే తల కొట్టేసినట్టుంది."

"మీరూ తిట్టాలి బాబాయ్‌గారూ."

"ఎలా తిట్టాలమ్మా?"

శిక్షణ బాధ్యత అత్తగారు స్వీకరించారు. (అర్హతల గురించి ఇంట్లో ఎవరికీ సందేహం లేదు.)

"నన్నే మావాడనుకోండి. ఊఁ, కానివ్వండి."

పెద్దాయన గొంతు సవరించుకున్నారు. "బాబూ, మీ మోటార్లు... ఏమీ అనుకోకపోతే... బాగానే ఆడుతున్నాయి."

"ఇది తిట్టా, దీవెనా?" అన్నారు అత్తగారు.

మర్నాడు పెద్దాయన ఆఫీసుకెళ్లారు. తిట్టడానికి నోరు తెరిచి, మావారి మొహం చూసి, "బాగా చిక్కిపోయావు బాబూ, వేళకి తింటున్నావా?" అని వచ్చేశారు. మావారు పొంగిపోయి మరో పెన్నిచ్చారు.

కొన్నాళ్లకి ఆ కొట్టు ముందు వేరే కంపెనీ అట్టపెట్టెలు దిగాయి.

మావారు రెండు చేతులా రెండు సూట్‌కేసులు పట్టుకుని, "ఆయనకి నీ మాటంటే గురి, నువ్వూ రా" అని నన్ను తోడు తీసుకుని పరుగెత్తారు.

"ఒక్కమాట చెప్పాల్సింది కదా బాబాయ్‌గారూ!"

"చెప్పేంత కోపం రాలేదు బాబూ."

"ఇంతకీ వాళ్లేమిచ్చారు?"

"ఏమీ ఇవ్వలేదు. ఒకతను వచ్చి, ఆ స్టూలు మీద కూర్చుని, కొట్టెలా ఉందని అడిగాడు. మంచినీళ్లు తాగి వెళ్లాడు."

మావారు సూట్‌కేసులు కింద పెట్టారు. పెళ్లయిన ఇన్నేళ్లలో నేను వినని మాట, కొట్టులో ఉన్నవాళ్లందరికీ వినబడేలా అన్నారు.

"తప్పు నాదే బాబాయ్‌గారూ."

నా కళ్లు చెమర్చబోయాయి.

"మీకు ముందే కోపం తెప్పించి ఉండాల్సింది."