ఎండుచేపల గంపకు వియన్నా భోగం

వాన పడుతున్నప్పుడు తలమీద కప్పు కోరుకునేవాడికి పౌరుషం లేదు!

కోపగించుకోకండి. కుర్చీ వరండాలోంచి లోపలికి జరుపుకుని సావకాశంగా చదవండి. వాన రోజున మనిషి చెయ్యదగిన పనులన్నిటిలోకీ ఉత్తమమైనది బయట నిలబడి తడవడమే. వానకోసం కట్టిన మేడకు వానాకాలంలో తాళం వేసి ఉంచడం ప్రజలకు చేసే మహోపకారం. ఈ రెండూ నేను రుజువు చెయ్యబోతున్నాను.

ముందు యూరప్ సంగతి.

మా ఊరి పేరు రాయను. ఇటు నరసన్నపేట, అటు సముద్రం, మధ్య మేమూ మా బురదా. మా పంచాయతీ ప్రెసిడెంటు జగన్నాధంనాయుడుగారు కిందటేడు రైతు బృందంతో కలిసి యూరప్ వెళ్లి వచ్చారు. వరి పండని దేశాలకు వెళ్లి వరిసాగు గురించి తెలుసుకు రమ్మని పంపారు. వియన్నా నగరంలో వారు దిగింది మొదలు బయలుదేరేదాకా ఒకటే వాన. మరొకరైతే హోటలు గదిలో ముసుగుతన్ని పడుకుందురు. నాయుడుగారు పడుకునే మనిషి కారు. ‘వాన రోజున వియన్నాలో ఏం చెయ్యాలి?’ అనే చిన్న పుస్తకం హోటలువాళ్లు ఇస్తే, అది చేత పట్టుకుని, నెత్తిన చుక్క పడకుండా నగరమంతా చూసి వచ్చారు.

ఆ పుస్తకం నాకూ చూపించారు. ఏం చెప్పమంటారు!

అక్కడ వాన పడితే జనం మ్యూజియాల్లోకి వెళతారట. ఒక్కొక్క మ్యూజియం మన తాలూకా ఆఫీసులు పది కలిపి పేర్చినంత. గోడలనిండా పటాలు. ఆ పటాల్లో మబ్బులు, గాలివాన, తడిసిన ఎడ్లు! అంటే, ఊరికే పడుతున్న వానను తప్పించుకుని లోపలికి వెళ్లి, నూనెరంగుల్లో వేసిన వానను టిక్కెట్టు కొని చూస్తారన్నమాట. ఇంతకన్న దుస్థితి ఉంటుందా?

కాఫీ హోటళ్లు మరీ అన్యాయం. ఒక్క కప్పు కాఫీ చెప్పి పొద్దుటినుంచి దీపాలవేళదాకా పేపరు చదువుకుంటూ కూర్చోవచ్చు. సర్వరు వచ్చి బల్ల తుడిచే నెపంతో మీ మోచెయ్యి లేపడు. పైగా అడక్కుండా మంచినీళ్ల గ్లాసు మారుస్తుంటాడు! మా ఊరి హోటల్లోనైతే కాఫీ చల్లారకముందే ఇంకొకాయన మీ కుర్చీ వెనక నిలబడి, మీ ప్రతి గుక్కనూ కళ్లతో లోపలికి తోస్తుంటాడు. మనిషికి మనిషి మీద ఆ మాత్రం శ్రద్ధ వియన్నాలో ఎక్కడుంది?

ఇంకా ఉంది. అక్కడ గుర్రాలు కూడా తడవవు! రాజుగారి కోటలో పెద్ద హాలు, పైన గాజు షాండిలియర్లు, కింద తెల్లగుర్రాలు సంగీతానికి అడుగులు వేస్తుంటే జనం కుర్చీల్లో కూర్చుని చూస్తారు. అంతటితో ఆగారా? తాటిచెట్టుకు దగ్గర చుట్టాలైన చెట్లకు అద్దాల మేడ కట్టించారు! చెట్టు లోపల, వాన బయట. మా దగ్గర తాటిచెట్లు బయటే ఉంటాయి. వాటి కింద మేమూ ఉంటాం.

ఇవన్నీ చూసి వచ్చిన నాయుడుగారికి నిద్ర పట్టలేదు. మన ప్రజలకు మాత్రం ఇటువంటి సుఖం వద్దా అని పంచాయతీ సభలో అడిగారు. వద్దనే ధైర్యం ఎవరికుంటుంది? బస్సులు ఆగేచోట పాత రేకుల సావిడి ఒకటి ఉండేది. బస్సుకోసం వచ్చినవాళ్లు, సంతకు వచ్చినవాళ్లు, సముద్రపొడ్డునుంచి ఎండుచేపలు తెచ్చే ఆడవాళ్లు, రెండు మేకలు, ఒక పిచ్చివాడు, అందరూ వానకు అందులోనే దూరేవారు. దాన్ని కొట్టించేశారు. ఎండాకాలం గడిచేసరికి ఆ స్థలంలో ‘వర్షకాల వినోద మందిరం’ లేచింది.

చూడవలసిన కట్టడమండీ! లోపల మొజాయిక్ గచ్చు. కిటికీలకు రంగుటద్దాలు. గోడకు, వానలో గొడుగులు వేసుకుని నడుస్తున్న దొరసానుల పటం. చుట్టూ చూరు మాత్రం లేదు. వియన్నా మేడలకు చూరు లేదని నాయుడుగారు కళ్లారా చూశారు మరి. గోడ తిన్నగా ఆకాశంలోకి లేస్తుంది, వాన తిన్నగా గోడమీంచి మీ మెడమీదికి దిగుతుంది. పూర్వం వానకు చూరు కింద నక్కి నిలబడే పిరికితనం మా జనానికి ఉండేది. ఆ జాడ్యం పూర్తిగా వదిలింది!

ద్వారం పక్కన ఒక బోర్డు కూడా ఉంది: ‘తడిసినవారు లోనికి రారాదు.’

ఎండుచేపలమ్మే మరిడమ్మ నాచేత ఆ బోర్డు చదివించుకుంది.

“తడవనోలు ఈడికెందుకొస్తారు బాబూ?” అంది.

పామరురాలు. ఆమెకు మొజాయిక్ గచ్చు విలువ ఏం తెలుస్తుంది?

ఇక ప్రారంభోత్సవం. రిబ్బను కత్తిరించనిదే మందిరంలోకి మనిషి అడుగుపెట్టకూడదని కదా మర్యాద. రిబ్బను కత్తిరించేముందు మంత్రిగారు ఉపన్యసించాలి. లోపలికి వెళ్లకూడదు గనుక ఉపన్యాసం బయటే జరగాలి. బయట వాన. కాబట్టి వాన తగ్గేదాకా సభ వాయిదా. వానకోసం కట్టిన మందిరానికి వానే అడ్డం!

దీన్ని కొందరు అవివేకులు వెక్కిరించారు. నేను మాత్రం చప్పట్లు కొట్టాను. ఏ రాజ్యాంగంలోనైనా ఇంత బిగువైన ఏర్పాటు ఉందా? వాన ఉన్నన్నాళ్లూ తలుపు తెరవరు. వాన వెలిస్తే తలుపుతో పని ఉండదు. గచ్చు కలకాలం కొత్తగానే ఉంటుంది. పూర్వం రేకుల సావిడిలో ఒకరిమీద ఒకరు పడి ఊసుపోక కొండేలు చెప్పుకునేవాళ్లు. ఇప్పుడు ఎవరి చెట్టు కింద వారు మౌనంగా తడుస్తున్నారు. ఊళ్లో తగవులు తగ్గాయి. జలుబులు పెరిగాయి గనుక కాంపౌండరు ఇల్లు మేడ అయింది. ఇది అభివృద్ధి కాదా?

చివరికి శ్రావణమాసంలో ఒక సంతరోజున పొద్దున్నే ఎండ కాసింది. మంత్రిగారు బయలుదేరారని కబురు. పందిరి లేచింది. నాయుడుగారి ఇంటినుంచి పట్టు గలేబుల సోఫాలు ఎడ్లబండి మీద వచ్చాయి. ద్వారానికి ఎర్రటి శాటిన్ రిబ్బను కట్టారు.

మరిడమ్మ కూడా వచ్చింది, నెత్తిన నెత్తళ్ల ఎండుచేపల గంపతో. ఆ మాసంలో అలల పోటుకు సముద్రంలోకి పడవ దిగదు. ముందు నెలల్లో పట్టి, ఇసకలో ఎండబెట్టి దాచిన చేప అమ్ముకుంటేనే ఆ ఇంట పొయ్యి రాజుకోవాలి. పాత సావిడి ఉన్నప్పుడు ఆమె చోటు దాని తూర్పు మూల. ఇప్పుడు రోడ్డుకు అవతల, బట్టబయలు.

పదిగంటలవేళ మబ్బు కమ్మింది. చూస్తుండగానే కుంభవృష్టి!

మరిడమ్మ తలమీది తాటాకు గిడుగు తీసి గంపకు కప్పింది. గాలికి అది ఎగిరి కాలవలో పడింది. గంప ఎత్తుకుని మందిరం దగ్గరికి పరుగెత్తింది. ద్వారం ముందు వాచ్‌మన్ అసిరయ్య గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. గొడుగు తనకు కాదు, రిబ్బనుకు. తడిస్తే రంగు దిగుతుందని ప్రెసిడెంటుగారి ఆర్డరు.

“ఒరే అసిరిగా, తలుపు తియ్యరా. నెత్తళ్లు తడిసిపోతన్నాయి.”

“నానేటి సెయ్యనప్పా? రిబ్బను కట్టేసున్నాది.”

“ఆ గుడ్డపీలిక కిందనుంచి దూరిపోతానురా. నీ రిబ్బన్ని నేనేటి కొరుకుతానా?”

“నువ్వు దూరితే నా ఉజ్జోగం ఊడిపోద్ది.”

“గుడ్డపీలికకి గొడుగెట్టినావు. పిల్లల నోటికాడ కూడు తడిసిపోతంటే సూస్తన్నావు. ఒక్కపాలి తడిస్తే పురుగెట్టేస్తాదిరా! మళ్లా పడవ దిగీదాకా మేమేటి తినాల, నీ మొజాయికా?”

అసిరయ్య గొడుగు రిబ్బనుమీదికి ఇంకాస్త వంచాడు. ఆమె కొంగు విప్పి గంపమీద పరిచి, పైన తన ఒళ్లు వంచి నిలబడింది. చేపలకు మనిషి చూరు అయింది.

అంతలో నాయుడుగారు పందిట్లోంచి కేక పెట్టారు. “ఒరే, సోఫాలు తడిసిపోతున్నాయిరా! లోపల పెట్టండి!”

“రిబ్బనో బాబూ?” అన్నాడు అసిరయ్య.

అందరూ ఆగిపోయారు. చిక్కు సామాన్యమైనదా? వర్షంలోనే ఆలోచన సాగింది. నాయుడుగారు చివరికి తీర్పు చెప్పారు.

“ప్రారంభోత్సవం కాకుండా జనం లోపలికి పోకూడదు గాని, సామాను పోవచ్చు. సామానుకు రిబ్బనుతో నిమిత్తం లేదు. తలుపు తియ్యి!”

తలుపు తెరిచారు. రిబ్బను కొంచెం పైకెత్తి పట్టుకుంటే, సోఫాలు వంగి వినయంగా లోపలికి వెళ్లాయి. వాటిని మోసినవాళ్లు గడపదగ్గర తోసి, జనం గనుక, వెనక్కి వచ్చేశారు.

అప్పుడు మరిడమ్మ ముందుకు వచ్చింది.

“పెసిడెంటు బాబూ, ఒక్క మాట. నా గంప జనమా, సామానా?”

సంతకు వచ్చినవాళ్లంతా చుట్టూ మూగారు. నాయుడుగారు గంపకేసి చూశారు, జనంకేసి చూశారు. అది ఓట్ల ముందు సంవత్సరం.

“సామానే,” అన్నారు నెమ్మదిగా.

“అయితే తొయ్యరా అసిరిగా!”

గంప రిబ్బను కిందినుంచి దూరి, పట్టు సోఫా పక్కన మొజాయిక్ గచ్చుమీద కూర్చుంది. వెంటనే ఆమె కూడా వంగబోయింది.

“నువ్వు జనానివప్పా,” అని చెయ్యి అడ్డం పెట్టాడు అసిరయ్య.

“ఓరి నీ దుంపతెగ! నాకన్నా నెత్తళ్లకే మర్యాదెక్కువన్నమాట!” అని నవ్వి, వానలోకి వెనక్కి తిరిగింది. చేపలు ఇక తడవవు. ఆ పూటకు అదే చాలు ఆమెకు.

మంత్రిగారి కారు వచ్చింది. కుంభవృష్టిలో అంతమంది నిలబడి ఉండడం చూసి ఆయన కరిగిపోయారు. “నాకోసం ఇంత వానను లెక్కచెయ్యని ఈ ప్రజల అభిమానం...” అంటూ గొడుగు కింద ఉపన్యాసం మొదలుపెట్టారు. వాన రోజుల్లో పాశ్చాత్యులు లోపల కూర్చుని ఎంత విజ్ఞానం సంపాదిస్తారో వివరించారు. మేము బయట నిలబడి విన్నాం. ఉపన్యాసం ముగిసేసరికి వాన వెలిసి ఎండ కాసింది. రిబ్బను తెగింది. తలుపులు బార్లా తెరుచుకున్నాయి.

కిటికీలు మూసిన గది. తడిసిన పట్టు. నెత్తళ్లు.

మంత్రిగారు గడపలో ఒక కాలు పెట్టి, రుమాలు ముక్కుకు పెట్టుకుని, ఆ కాలు తీసి కారులో పెట్టారు. కారు వెళ్లిపోయింది. నాయుడుగారి ముఖం నేను వర్ణించను. ఆయన తలుపులు దబాలున మూయించి, స్వహస్తాలతో తాళం వేసి, “ఈ కంపు పోయేదాకా తలుపు తెరిస్తే ఊరుకోను!” అని తాళంచెవి జేబులో వేసుకుని ఇంటికి పోయారు.

“బాబూ, నా గంప!” అని వెంటపడింది మరిడమ్మ.

“గంప సామాను. సామాను ఇప్పుడు మందిరానిది,” అన్నారు వెనక్కి తిరక్కుండా.

పాఠకులారా, మళ్లీ ఎంత పటిష్టమైన ఏర్పాటో గమనించండి! కంపు పోతేగాని తలుపు తియ్యరు. తలుపు తీస్తేగాని కంపు పోదు. వియన్నాలో ఇంత తెలివి ఉందా? అక్కడ లోపల జనం ఉంటారు, వెలుగు ఉంటుంది, కాఫీ ఉంటుంది. ఇక్కడ ఒక్క గంప నెత్తళ్లు, రంగుటద్దాల మధ్య, దొరసానుల పటం కింద, చుక్క తడవకుండా, ఏకాంతంగా వర్షకాల వినోదం అనుభవిస్తున్నాయి. వాటిని తెచ్చిన మనిషి గుమ్మం బయట కూర్చుని ఉంది. సంత ముగిసింది. మర్నాడూ కూర్చుంది.

నిన్న ఆమె మా ఇంటికి వచ్చింది.

“నువ్వు పత్రికలకి రాస్తావంట గదా బాబూ. పెసిడెంటు బాబు నీ రాతలు సదువుతాడంట.”

“ఏం రాయమంటావు?”

“నీకు తోసింది రాయి. ఆయన్ని మెచ్చుకో, మందిరాన్ని మెచ్చుకో, నాకేటి? ఆఖర్ని మాత్రం నా గంప మాటెట్టు. ఆయన ఏ కతైనా ఆఖరు ముందు సూసుకుంటాడంట. ఆలింటో పన్జేసే దాలమ్మ సెప్పినాది.”

“గంప బయటికొస్తే మళ్లీ వానలో తడవదా?”

“తడిస్తే ఎంటనే ఎండలో ఆరబెట్టి, పురుగెట్టంది ఏరుకుంటాను. నోపల మగ్గితే పారబొయ్యడమే గదా! ఇంటికాడ గింజ నేదు బాబూ.”

అందుచేత, ప్రెసిడెంటుగారూ, తమరు చదవడం మొదలుపెట్టేది ఇక్కడినుంచే గనుక మనవి చేసుకుంటున్నాను. దయచేసి ముందు తాళం తీయించి ఆ గంప ఆమెకు ఇప్పించండి. పైనున్నదంతా తమరి పొగడ్తే. తీరిగ్గా తర్వాత చదువుకోవచ్చు.