పొద్దున్నే పోయారు

ఆ ఆదివారం ఉదయం బాలశౌరి పెట్టుకున్న పనులు పెద్దవేమీ కావు. స్నానం చేయాలి, ఇడ్లీ తినాలి, భార్యకి ఒక అబద్ధం చెప్పాలి, ఎండ ముదరకముందే భిలాయి రిసాలిలోని ఇల్లు దాటాలి. మొదటి రెండూ సజావుగా అయిపోయాయి. మూడోదానికి గొంతు సవరించుకున్నాడు.

"దెబోరా, చిట్టిబాబుకి ఒంట్లో బాగోలేదట. భిలాయి-3 వెళ్ళి కాసేపు దగ్గర కూర్చుని వస్తాను."

"అయ్యో తండ్రీ! ఏటైంది అన్నయ్యగారికి?"

"ఏదో నీరసం. రాత్రికి వచ్చీస్తాన్లే."

పాలు పొంగినా, పిడుగు పడినా దెబోరా నోట వచ్చేది ఆ 'అయ్యో తండ్రీ' ఒక్కటే. అందుచేత బాలశౌరి దాన్ని పట్టించుకోలేదు. చేతిసంచి అడుగున మడతపెట్టిన నల్ల షర్టు కనపడకుండా మీద తువ్వాలు కప్పుకుని బయటపడ్డాడు.

స్టీల్ ప్లాంటు రైల్ మిల్లులో ఫోర్‌మన్‌గా రిటైరైన బాలశౌరికి జీవితంలో రెండే పిచ్చులు. ఒకటి మోటార్ రేసులు, రెండోది రాక్ కచేరీలు. టీవీలో చూస్తే రేసు కాదు, టేపులో వింటే కచేరీ కాదు అన్నది ఆయన సిద్ధాంతం. రెండూ గుండెకి తగలాలి. వయసులో ఉండగా రెండు రైళ్ళు మారి మద్రాసు వెళ్ళి, షోళవరంలో వాడకంలో లేని రన్‌వే మీద జనవరి, ఫిబ్రవరిల్లో జరిగే రేసులు గడ్డిమోపుల వెనక నిలబడి చూసేవాడు. రేసు ఇంజన్లలో నూనెగా పోసే ఆముదం కాలిన వాసన షర్టుకి పడితే వారం రోజులు ఆ షర్టు ఉతకనిచ్చేవాడు కాదు. ఇప్పటికీ ఎవరింట్లోనైనా ఆముదం సీసా మూత తీస్తే ఆయనకి ఇరవై ఆరేళ్ళు వచ్చేస్తాయి.

రేసులకని ప్లాంటులో సెలవు ఇవ్వరు కదా. అందుకని విజయనగరంలోని పెదనాన్నగారు పోయేవారు. ఆఫీసుకో మాట, ఇంటికో మాట అయితే గుర్తుపెట్టుకోవడం కష్టమని దెబోరాకీ అదే చెప్పేవాడు. పెదనాన్నగారు అలా మూడుసార్లు పోయారు. రెండోసారి పోయిన ఏడాదే ఆయన నిక్షేపంలా క్రిస్మస్‌కి భిలాయి వచ్చి, వారం రోజులుండి, చేపల పులుసు అడిగి మరీ వడ్డించుకున్నారు. ఆ వారమంతా బాలశౌరికి ముద్ద దిగలేదు. దెబోరా మాత్రం పల్లెత్తు మాట అనలేదు. తన భార్యకి మతిమరుపని ఆయన అప్పుడే తేల్చుకుని, హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

ఇక కచేరీలు. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ కుర్రాళ్ళు కొందరు 'నైట్ షంటర్స్' అని ఒక బృందం పెట్టారు. ఎక్కడ వాయించినా ఆఖరున ఒకే పాట వాయించేవారు. నిదానంగా, బరువుగా, గూడ్సు బండి యార్డు దాటుతున్నట్టు సాగే పాట. వాళ్ళ అభిమానులు దాన్ని గూడ్సు పాట అనే పిలిచేవారు. బాలశౌరి ఆ పాట ఎన్నోసార్లు విన్నాడు. చివరిదాకా మాత్రం ఒక్కసారీ వినలేదు. తెల్లవారితే మొదటి షిఫ్టు, దుర్గ్ వైపు వచ్చే రైలు ఎవరి కోసమూ ఆగదు. పాట సగంలో ఉండగానే స్టేషన్‌కి పరుగెత్తడం ఆయన రాత. ఆ పాట ఎలా ముగుస్తుందో తెలియకుండానే జుట్టు నెరిసింది. ఇన్నాళ్ళకి నైట్ షంటర్స్ చివరి కచేరీ రాయ్‌పూర్‌లో పెట్టారు. మధ్యాహ్నం మట్టి ట్రాక్ మీద మోటార్ సైకిల్ రేసులు, సాయంత్రం అదే గ్రౌండ్‌లో కచేరీ. ఇది తప్పితే ఇక లేదు.

భిలాయి-3లో చిట్టిబాబు తన పాత కారు తీసి తన ఇంటి గేటు ముందే కాచుకుని ఉన్నాడు. ప్లాంటులో ఇద్దరిదీ ఒకే మిల్లు, ఒకే పిచ్చి. భార్య కనకరత్నం పోయాక కూతురు శ్రుతి దగ్గరుంటున్నాడు. కచేరీ అభిమానుల నల్ల షర్టు ముందే తొడుక్కుని, పెళ్ళికొడుకులా వెలిగిపోతున్నాడు.

"ఏటని చెప్పావురా ఇంట్లో?" అన్నాడు చిట్టిబాబు.

"నీకు బాగోలేదని."

"మంచి పని చేశావు. నాకు ఇంత కులాసాగా ఉండి ఏళ్ళయింది!"

రేసులో మొదటి బండి బురద చిమ్ముకుంటూ మలుపు తిరిగే వేళకి ఇంటి దగ్గర దెబోరా చారు కాచి, మనసాగక చిట్టిబాబు ఇంటికి ఫోన్ చేసింది. భర్త ఫోన్ మోగుతోంది గానీ ఎత్తడం లేదు మరి. శ్రుతి తీసింది. వెనక కుక్కర్ కూత వేస్తోంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. శ్రుతి పుట్టింది, చదివింది, బ్యాంకు ఉద్యోగం చేస్తున్నది అంతా భిలాయిలోనే. ముందు హిందీలో అనుకుని, తరవాత తెలుగులో అంటుంది. దెబోరాది విజయనగరం తెలుగు. ఆ తెలుగులో మనిషి ఊరికి వెళ్తాడు, బజారుకి వెళ్తాడు. పోయాడంటే మాత్రం ఇక తిరిగి రాడు.

"నాన్నగారికి ఎలాగుందమ్మా?"

"నాన్న పోయారాంటీ. పొద్దున్నే పోయారు."

దెబోరా గోడ పట్టుకుంది. "అయ్యో తండ్రీ!"

ఆంటీ ఎప్పుడూ అనే మాటే కదా అని శ్రుతి అనుకుంది. "బహుత్ ఖుష్ థే ఆంటీ. నవ్వుతూ పోయారు. కొత్త షర్ట్ వేసుకుని మరీ."

"ధన్యజీవి. మా ఆయన దగ్గరున్నారా?"

"అంకుల్ సాథ్‌లోనే ఉన్నారు కదా. కార్‌లో రాయ్‌పూర్ తీసుకెళ్ళారు. గ్రౌండ్‌లో ఐదు గంటలకి స్టార్ట్. ఇదే లాస్ట్ అంట, మళ్ళీ చూడ్డానికి దొరకదు."

గ్రౌండంటే సమాధుల గ్రౌండేనని దెబోరాకి వేరే చెప్పక్కర్లేదు. కనకరత్నాన్ని పుట్టింటివాళ్ళ ఊరని రాయ్‌పూర్‌లోనే సమాధి చేశారు. ఆమె పక్కనే ఆయన్నీ పెడుతున్నారన్నమాట. "నువ్వు ఎల్లలేదా తల్లీ?" అంది.

"నాకు అలాంటివి పసంద్ లేదాంటీ. చాలా గోల. తలనొప్పి వస్తుంది."

ఈ కాలం పిల్లలు, అనుకుని దెబోరా కన్నీళ్ళు తుడుచుకుంది. భర్త ఫోన్ ఎందుకు ఎత్తడం లేదో కూడా అర్థమైపోయింది. ప్రాణస్నేహితుడు పోయిన మనిషి ఫోనేం ఎత్తుతాడు?

అక్కడి నుంచి కబురుకి కాళ్ళొచ్చాయి. చర్చిలో దెబోరాతో పాటు పాడే క్వయర్ ఆడవాళ్ళు తెల్లచీరలు కట్టుకున్నారు. నెహ్రూ నగర్ నుంచి వెంకటేశ్వరరావుగారు దిగారు. ఆయన రైల్ మిల్లులో ఒకప్పుడు వీళ్ళిద్దరి పైఅధికారి. రిటైరైనా అధికారం మానలేదు. నిమిషాల మీద మినీబస్సు మాట్లాడారు, మనిషెత్తు పూలచక్రం చేయించారు, దాని రిబ్బన్ మీద 'మిత్రుడు చిట్టిబాబుకి అశ్రునివాళి' అని దగ్గరుండి రాయించారు. శ్రుతికి మళ్ళీ ఫోన్ చేద్దామని ఎవరో అంటే కసిరారు.

"తండ్రిని పోగొట్టుకున్న పిల్లని ఫోన్లతో విసిగిస్తారా? ఎవరూ చేయడానికి వీల్లేదు."

బస్సు భిలాయి-3లో ఆగితే ఇంటికి తాళం వేసి ఉంది. శ్రుతి కూరగాయలకి వెళ్ళింది. "చూశారా, పిల్ల మనసు మార్చుకుని తండ్రి దగ్గరికే వెళ్ళింది," అని అందరూ కళ్ళొత్తుకున్నారు.

దారిలో వెంకటేశ్వరరావుగారు జ్ఞాపకాల్లో పడ్డారు. "పాపం, ఇద్దరికీ బంధువర్గం మీద ఎంత మమకారమో! శౌరి పెదనాన్న పోతే ఆ వారమే చిట్టిబాబు మేనత్త పోయేది. ఎప్పుడూ జనవరి, ఫిబ్రవరిల్లోనే. విజయనగరంలో చలికి తట్టుకోలేరు కాబోలు."

దెబోరా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

గ్రౌండ్ దొరకడం కష్టం కాలేదు. రాయ్‌పూర్‌లో బస్సు ఒక మలుపు తిరిగేసరికి ఎదురుగా పెద్ద నల్ల బోర్డు. దాని మీద తెల్లని హిందీ అక్షరాల్లో 'ఆఖరీ సఫర్', కింద 'సాయంత్రం ఐదు గంటలకు'. రైల్వే కుర్రాళ్ళ బృందం తమ చివరి కచేరీకి పెట్టుకున్న పేరది. దెబోరాకి అదంతా ఏం తెలుసు? అంతిమయాత్రకి ఇంత పెద్ద బోర్డా అని నోరు తెరిచింది.

"వేలమంది వచ్చారు! చిట్టిబాబుకి ఇంత పేరుందని నాకు తెలియనే తెలియదు," అన్నారు వెంకటేశ్వరరావుగారు, కొంచెం అసూయగా.

పూలచక్రం చూసి గేటు దగ్గర కాపలావాడు నమస్కారం పెట్టి మరీ లోపలికి పంపాడు. ఆఖరి కచేరీకి రకరకాల అభిమానులు వస్తారు, ఎవరి పద్ధతి వాళ్ళది. తెల్లచీరలు వరసగా నడుస్తుంటే నల్లషర్టుల జనం రెండుగా చీలి దారి ఇచ్చారు. స్టేజి మీద ఆఖరి పాటకి ముందు విరామం. నెరిసిన జుట్టు పిలకేసుకున్న గాయకుడు ఆ పూలచక్రం చూసి చలించిపోయాడు. మైకులోనే గద్గదంగా, "మా ఆఖరి ప్రయాణానికి పూలు తెచ్చారు. రండి, రెండు మాటలు చెప్పండి," అని హిందీలో పిలిచాడు.

మైకు ఇస్తే వెంకటేశ్వరరావుగారు వద్దన్న దాఖలా ఎన్నడూ లేదు. మెట్లెక్కి, కళ్ళజోడు సర్దుకున్నారు.

"చిట్టిబాబు లాంటి పనివాడు నా సర్వీసులో మరొకడు లేడు. అతను లేని లోటు ఎవరూ తీర్చలేరు!"

భాష అర్థం కాకపోయినా జనం ఈలలు వేశారు. ముందు వరసలో కుర్చీ ఎక్కి, చేతులు గాలిలో ఊపుతున్న చిట్టిబాబు ఠక్కున ఆగిపోయాడు.

"ఒరే శౌరీ, ఎవడో నన్ను పొగుడుతున్నాడ్రా!"

బాలశౌరి స్టేజి వైపు చూశాడు. పూలచక్రం కనిపించింది. దాని పక్కనే తెల్లచీరలో దెబోరా కనిపించింది. కాళ్ళ కింద భూమి కదిలిన మాట నిజం. అయితే అది స్పీకర్ల వల్ల కూడా కావచ్చు.

చిట్టిబాబు అప్పటికే స్టేజి ఎక్కేశాడు. "సార్! నేనే సార్! సర్వీసంతా ఒక్క మంచిమాట అనలేదు, ఇప్పుడు అన్నారు. మళ్ళీ ఒకసారి అనండి సార్!"

వెంకటేశ్వరరావుగారు ఒక్క కేక పెట్టి వెనక్కి తూలి, డోలు మీద కూర్చుండిపోయారు. ఆ మోతకి గ్రౌండంతా చప్పట్లు మారుమోగాయి. క్వయర్ ఆడవాళ్ళు ఏడవాలో నవ్వాలో తెలియక, ఎలాగూ వచ్చారు కనుక, చర్చిలో నేర్చుకున్న క్రమంలో వరసగా నిలబడిపోయారు. చిట్టిబాబు రిబ్బన్ మీద తన పేరు చదువుకుని, పూలచక్రాన్ని స్వయంగా మెడలో వేసుకున్నాడు.

దెబోరా మాత్రం జనంలోంచి తిన్నగా భర్త దగ్గరికి నడిచి వచ్చింది. నల్ల షర్టుని పైనుంచి కిందికి చూసింది.

"చిట్టిబాబన్నయ్యకి ఎలాగుంది?"

"కాస్త నయం," అన్నాడు బాలశౌరి.

సరిగ్గా అప్పుడే గిటార్ మీద ఆ స్వరం పడింది. నిదానంగా, బరువుగా. గూడ్సు పాట. బాలశౌరి ఒళ్ళు జలదరించింది. స్టేజి వైపు చూశాడు, భార్య మొహం వైపు చూశాడు. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్ళు వాచిపోయి ఉన్నాయి. తలదించుకుని సంచి అందుకున్నాడు.

"పద దెబోరా. ఇంటికెళ్దాం."

"ఏటి, మళ్ళీ సగంలోనే లేచిపోతారా?"

బాలశౌరి చేతిలోంచి సంచి జారింది.

"ఈ పాట మీరు నిద్దట్లో పాడతారు. పెళ్ళయిన కాడి నుంచి వింటన్నాను. ఎప్పుడూ సగం వరకే. దీని చివరేటో నాకూ తెలియాలి," అంది దెబోరా. "పెదమావగారు మొదటిసారి పోయినప్పుడు ఆయన ఆత్మ కోసం ఉపవాసముండి ప్రార్థన చేశాను. రెండోసారి పోయినప్పుడు మీ షర్టుకి ఆముదం వాసన పట్టేశాను. అబద్ధాలు ఆడితే ఆడారు. ఒక్కసారైనా, 'దెబోరా, నువ్వూ రా' అని అన్నారా?"

బాలశౌరికి గడ్డిమోపుల వెనక తన పక్కన ఇంకో మనిషికి చోటుండేదని ఇన్నేళ్ళలో ఎన్నడూ తోచలేదు. సిగ్గేసింది, దుఃఖం వచ్చింది. పక్క కుర్చీ మీది మట్టి తన తువ్వాలుతోనే తుడిచాడు. "కూర్చో," అన్నాడు.

పాట సగం దాటింది. ఆయన ఎప్పుడూ స్టేషన్‌కి పరుగెత్తే చోటు దాటింది. గిటార్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పట్టాల అతుకుల మీద చక్రాలు పడుతున్నట్టు డోలు ఒక్కటే మిగిలి, అదీ దూరమై, గాయకుడు నోటితో సన్నగా ఒక కూత వేశాడు. అంతే. ఎవరూ కదల్లేదు.

"ఇంతేనా?" అంది దెబోరా గుసగుసగా.

"ఇంతే," అన్నాడు బాలశౌరి. ఆయన బుగ్గలు తడిసిపోయాయి. దెబోరా చీర కొంగు అందించింది.

మరుసటి నెలలో ఒక రోజు, వచ్చే ఆదివారం కోయంబత్తూరులో కార్ల రేసులని పేపర్లో చిన్న ప్రకటన పడింది. బాలశౌరి దాన్ని రెండుసార్లు చదివి, "దెబోరా, నువ్వూ వస్తావా?" అన్నాడు. ఆమె జవాబు చెప్పకుండా క్వయర్ పెద్ద గౌరీదేవికి ఫోన్ కలిపింది.

"ఈ ఆదివారం పాడ్డానికి రాలేను వదినా. ఊరెళ్ళాలి. విజయనగరంలో మా పెదమావగారు పోనారు."