పెట్టెకు కప్పిన గొంగళి

తెల్లవారి కాఫీ అయినా తాగకుండా శ్రీశైలమ్మ మనవరాలి బ్యాగు సర్దుతోంది. మడత పెట్టిన చుడీదారునే మళ్లీ విప్పి మళ్లీ మడత పెడుతోంది. ఎంత ఆలస్యమైతే అంత లాభమని ఆమె ఆశ.

మనవరాలు సుస్మిత తండ్రి మహేంద్రకు మార్కాపురంలో, ఇంటి ముందు గదిలోనే, పెళ్లి వీడియోల స్టూడియో ఉంది. ఎడిటింగంతా సుస్మితదే. ఒక పెళ్లి ఈ కంప్యూటరు నుంచి ఆ కంప్యూటరుకు పాకేలోపు పెళ్లికూతురికి సీమంతం ముంచుకొచ్చేది. విసిగిపోయిన పిల్లను హైదరాబాదులో ఎవరో పనికి పిలిచారు.

"రెండు రోజులు చూసొస్తా జేజీ."

శ్రీశైలమ్మ చెయ్యి ఆగిపోయింది. చెల్లెలు చెన్నమ్మను కొనకనమిట్లకు ఇచ్చినప్పుడు, రేకుపెట్టె పక్కన బండిలో కూర్చుని ఆ పిల్లా ఇదే మాట అంది. ఆ తర్వాత పెళ్లిళ్లకూ చావులకూ తప్ప కనబడలేదు.

కూతురిని ఆపాలని మహేంద్ర ముందురోజే పొదిలి నుంచి కంప్యూటర్ల మెకానిక్ దేవదానాన్ని పిలిపించి కొత్త నెట్‌వర్క్ పెట్టించాడు. వీడియోలన్నీ బల్ల కింద ఒక పెట్టెలో ఉంటాయి. కంప్యూటర్లన్నీ కేబుళ్ల మీదుగా అందులోంచే తీసుకుంటాయి. వేగానికి వంక లేదు. పెట్టె రొద మాత్రం పిండిమరలా ఉంది.

"ఈ సద్దులో మంత్రాలు కూడా వినపడవు నాయనా. ఇది తగ్గితే ఉంటా, లేకుంటే సాయంత్రం బస్సుకు పోతా," అని సుస్మిత తేల్చేసింది.

'ఉంటా' అన్నది ఒక్కటే శ్రీశైలమ్మకు వినబడింది. తండ్రీకూతుళ్లు టిఫినుకు లేవగానే, భర్త గొర్రెలు కాసిన నాటి గొంగళి తెచ్చి పెట్టెకు చుట్టింది. సద్దు తగ్గింది. కాసేపటికి ఇంకా గట్టిగా లేచింది. రెండో గొంగళి కప్పింది. ఈసారి పూర్తిగా ఆగిపోయింది. ఆమె తృప్తిగా వెళ్లి బ్యాగులోంచి సగం బట్టలు తీసేసింది.

ముందు గదిలో కంప్యూటర్లన్నీ చేతులెత్తేశాయి. కూతురి పెళ్లి వీడియో కోసం వచ్చిన గోవిందయ్య కుర్చీలో బిగుసుకున్నాడు.

"కేబుల్ నలిగుంటాది అన్నా," అన్నాడు దేవదానం ఫోనులో.

మహేంద్ర కొత్త కేబుల్‌కు దారి చేద్దామని గోడకు డ్రిల్లు పెట్టాడు. గోడలోంచి నీళ్లు చిమ్మాయి. పైపు పగిలింది.

"నా బిడ్డ పెళ్లి యాడుండాది?" అని గోవిందయ్య పంచె ఎగ్గట్టాడు. సుస్మిత బల్ల కిందికి చూపించింది. ఆయన వంగి మూటను ఎత్తుకున్నాడు. ఎత్తినంత వేగంగా బల్ల మీద పెట్టేశాడు.

"ఏంది మహేంద్రా, దీనికి జరమొచ్చినట్టుండాది. గొంగళ్లు కూడా కప్పినారే. చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా ఎతికినట్టు, గోడలు తొలుస్తుండావు నువ్వు."

గోల విని బ్యాగుతోనే గడప దగ్గరికొచ్చిన శ్రీశైలమ్మ వైపు అందరూ చూశారు.

"అరుస్తుంటే నోరు మూయిద్దామనుకుంటి," అందామె. "బిడ్డ ఉంటాదని."

సుస్మిత నవ్వబోయి, సగం ఖాళీ అయిన బ్యాగు చూసి ఆగిపోయింది.

"దానికి గాలాడాల జేజీ. చల్లగుండాల. తలుపేస్తే సద్దు రాకూడదు."

అలాంటి గది ఇంట్లో ఒక్కటే ఉంది. పలకరాయి గోడలతో, వెనకవైపు, శ్రీశైలమ్మది.

"నా మంచం తీసేయండి," అని ఆమే అంది.

"నువ్వు యాడ పడుకుంటావు అమ్మా?" అన్నాడు మహేంద్ర.

"మీ గోడల పని అయ్యేదాకా చెన్నమ్మ దగ్గరుంటా. రెండు రోజుల్లో వస్తాలే."

సుస్మిత తన బట్టలు తీసి, అదే బ్యాగులో జేజి చీరలు సర్దింది. చల్లారిన పెట్టె వెనక గదిలో బుద్ధిగా లేచింది. పెళ్లి చెక్కుచెదరలేదు.

వారం తర్వాత సుస్మిత ఫోన్ చేసింది. "పెట్టెను ఇంకోచోటికి మారుస్తాం, రా జేజీ."

"కదిలించొద్దే. కుదురుకుండాది గదా. నేనూ అంతే," అంది శ్రీశైలమ్మ. "మీ చిన్నజేజికి నలభై ఏండ్ల మాటలు బాకీ ఉండాయి." వెనక చెన్నమ్మ నవ్వు వినిపించింది.

సుస్మిత హైదరాబాదు వెళ్లలేదు. పోయిన శ్రావణంలో రెండు రోజులకని వెళ్లిన శ్రీశైలమ్మ తిరిగి రాలేదు.