రెండో పక్క పొట్లకాయ

ఆ శ్రావణ శనివారానికి జైపాల్ వేసుకున్న పథకం చాలా సులువైనది. పొద్దు పొడవగానే ఊరి వెంకటేశ్వరస్వామి గుడిలో అఖండ భజన మొదలవుతుంది. శశికళక్క పాటల్లోకెల్లా గొప్పదైన "నీ గడప కాడ" పాటను ఈ ఏడు భజనగా తీసుకుని, పొద్దు గూకే దాకా ఊరంతా వంతులవారీగా పాడుతుంది. మధ్యాహ్నానికి శశికళక్కే స్వయంగా మహబూబాబాద్ నుంచి రైల్లో రఘునాథపల్లికి వచ్చి, అక్కడ ఆటో ఎక్కి ఊరికి చేరుతుంది. గుడి మెట్లు ఎక్కుతూ తన పాట తానే వింటుంది. కళ్లు తుడుచుకుంటుంది. ఆ తర్వాత మైకు అందుకుని, ఇన్నేళ్లకు మళ్లీ పాడుతుంది. కళ్లు తుడుచుకునే భాగం జైపాల్ సొంతంగా కలుపుకున్నది. మిగతాదంతా ఫోన్లో ఖాయం చేసుకున్నదే.

జైపాల్‌కు ఎరువుల దుకాణం ఉంది, కొంత పొలం ఉంది, దేవుడంటే భయమూ శశికళక్క పాటంటే ప్రాణమూ ఉన్నాయి. ఆమె మొదట్లో ఒక భజన బృందంలో పాడేది. తర్వాత విడిగా వచ్చి ఒక్కతే క్యాసెట్లు చేసింది. క్యాసెట్టుకు మొదటి పక్క, రెండో పక్క అని రెండు ఉండేవి. మొదటి పక్క దేవుడి కోసం పాడిందనీ, రెండో పక్క టేపు మిగిలింది కాబట్టి పాడిందనీ ఆమె అభిమానులే ఒప్పుకుంటారు. ఆ అభిమానులకు ఫోన్లో ఒక గ్రూపు ఉంది. వారం రోజులుగా అందులో ఒకటే చర్చ: రెండో పక్క పాటల్లో అన్నిటికన్నా నీరసమైనది ఏది. భూపాలపల్లి బొగ్గుబావిలో పనిచేసే ఒకాయన షిఫ్టు దిగి, ముఖమైనా కడుక్కోకుండా ఓటు పంపాడు. పరాయివాళ్లెవరూ ఇంత నిర్దయగా ఓట్లు వేయరు. ప్రేమ ఉంటేనే అది సాధ్యం.

జైపాల్ ఓటు పొట్లకాయ పాటకు. మూడో క్యాసెట్టు, రెండో పక్క, చివరి పాట. స్వామికి ఒక్కొక్క కూరగాయ తెచ్చి పెట్టడం, కోపం చేసుకోవద్దని బతిమాలడం, అంతే పాట. దాని పుణ్యాన శశికళక్క ఏ స్టేజీ ఎక్కినా ముందు వరుసలో ఎవడో ఒకడు పొట్లకాయ ఎత్తి చూపించేవాడు. చివరికి ఆమె స్టేజీలే మానుకుంది. జైపాల్ ఎన్నోసార్లు బతిమాలితే ఈ ఒక్కసారికి వస్తానంది. పెట్టిన షరతు కూడా ఒక్కటే. "పొట్లకాయ ఊసు నా చెవుల పడద్దు తమ్మీ. పడ్డదా, ఎనుకకు మర్రి పోత."

"ఆ భయమే వద్దక్కా," అన్నాడు జైపాల్.

గుడిలో ఒక పద్ధతి ఉంది. అఖండ దీపం ముట్టించేది ముసలి వెంకటనర్సమ్మ. ఆమెకు గడియారంతో పని లేదు. మైకులో పాట వినబడగానే దీపం ముట్టించి కొబ్బరికాయ కొడుతుంది. ఆ క్షణాన ఏ పాట నడుస్తుంటే ఆ పాటే పొద్దు గూకే దాకా తెగకుండా నడవాలి. పోయినేడు కొందరు పిల్లలు మధ్యాహ్నం వేళ వరుస మార్చబోతే, "సామికి మాటిచ్చి మారుస్తరా" అని మైకులోనే మందలించిన పెద్దమనిషి జైపాలే.

శనివారం తెల్లవారుతుండగా జైపాల్, వీరస్వామి మైకు ముందు కూర్చున్నారు. వీరస్వామి బస్సు కండక్టరుగా చేసి దిగిపోయినవాడు. డోలక్ బాగా వాయిస్తాడు, వాదన ఇంకా బాగా చేస్తాడు.

"మైకు సూడు వీరన్నా."

"మైకు మంచిగనే ఉన్నది. నీ ఓటే మంచిగ లేదు," అన్నాడు వీరస్వామి. "పొట్లకాయకు ఎట్ల ఏసినవే? ఐదో క్యాసెట్టుల గంట పాట ఇన్నవా అసలు? ఠంగు ఠంగు అనుడే తప్ప ఇంకో ముచ్చట లేదు."

"గుడి అన్నంక గంట ఉంటది. పొట్లకాయ ఎందుకుంటది?"

"పొట్లకాయకు తాళమన్న ఉన్నదే."

"ఏం తాళం? ఉప్పు లేని పప్పు లెక్క ఉంటది. ఆగు, ఇనిపిస్త," అని జైపాల్ గొంతు సవరించుకుని, ఎంత చప్పగా పాడాలో అంత చప్పగా ఎత్తుకున్నాడు:

"పొట్లకాయ తెచ్చిన సామీ, పొడుగున్నదని అలుగకు సామీ
సొరకాయ తెచ్చిన సామీ, సోకు లేదని నవ్వకు సామీ"

వీరస్వామి చెయ్యి దానంతట అదే డోలక్ మీద పడింది. నాలుగు దిక్కులా కట్టిన మైకులు ఆ మాటలను ఊరి మీదికి వదిలాయి. లోపల కొబ్బరికాయ పగిలింది. గంట మోగింది.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. జైపాల్ నోరు మూతబడబోయింది.

"పాడు, పాడు, తెగుతది," అన్నాడు వీరస్వామి, పెదవులు కదలనీయకుండా.

పాట ఆపితే అపచారం, పాడితే శశికళక్క వెనక్కి పోతుంది. జైపాల్ పాడుతూనే గర్భగుడి వైపు చేతులు ఊపాడు. వెంకటనర్సమ్మ భక్తి ముదిరిందనుకుని తానూ చేతులు ఊపింది. ఇక లాభం లేదని అదే వరుసలో మనవి చేసుకున్నాడు:

"తప్పు పాట ఎత్తిన అవ్వా, దీపం జర తియ్యవె అవ్వా"

అప్పుడే వచ్చి కూర్చున్న మొదటి జట్టువాళ్లు అది రెండో చరణం అనుకుని, తాళాలు అందుకుని, అంతకన్నా గట్టిగా పాడారు. వెంకటనర్సమ్మ కళ్లు మూసుకుని తల ఊపింది.

జట్టుకు మైకు అప్పగించి జైపాల్ లోపలికి పరుగెత్తాడు. "అవ్వా, గది మా ముచ్చట్లల్ల పాడింది. అసలు పాట వేరే ఉన్నది."

"పోయినేడు నువ్వు ఏమన్నవ్ కొడుకా? సామికి మాటిచ్చి మారుస్తరా అనలె?"

"అన్న."

"మరి సామి ఇన్నడు. పో, పోయి పాడు."

పాటలో ఉన్నవి నాలుగే కూరగాయలు. మొదటి జట్టు వాటిని తిప్పి తిప్పి పాడింది. తర్వాత వచ్చిన ఆడవాళ్ల జట్టుకు ముందు నిలిచింది జైపాల్ భార్య సరళ. వంట చేసే మనిషికి నాలుగు కూరగాయలు ఏ మూలకు? బీర, కాకర, దొండ, గోకర, అంగట్లో ఉన్నవన్నీ స్వామికి చేరాయి. ఎండ ఎక్కకముందే కూరగాయలు అయిపోయాయి. తర్వాత పప్పుగుత్తి తెచ్చారు, జల్లెడ తెచ్చారు. ఇంకేం తేవాలా అని ఒక్క క్షణం తడబడ్డ సరళకు మైకు పక్కన నుదురు పట్టుకుని నిలబడ్డ భర్త కనబడ్డాడు.

"పెనిమిటిని తెచ్చిన సామీ, పనికిరాడని పంపకు సామీ"

ఆడవాళ్లంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకునే వంత పాడారు. ఆ చరణం మాత్రం చాలాసేపు నడిచింది.

తర్వాత రైతుల జట్టు వచ్చింది. వాళ్లు "యూరియా తెచ్చిన సామీ, లైన్ల నిలబడి తెచ్చిన సామీ" అని ఎత్తుకునేసరికి బయట చెట్ల కింద కూర్చున్నవాళ్లు కూడా లేచి లోపలికి వచ్చారు. కాలిపోయిన మోటరు తెచ్చారు, పురుగు పట్టిన పత్తి తెచ్చారు. ఇన్నేళ్లలో భజనకు ఇంతమంది ఎన్నడూ రాలేదు. జైపాల్‌కు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

ఈలోగా మైకులు తమ పని తాము చేసుకుపోతున్నాయి. పక్క ఊరి చేలల్లో కలుపు తీసే ఆడవాళ్లకు గాలివాటున రెండే ముక్కలు వినబడ్డాయి: పొట్లకాయ తెచ్చాం, అలగకు. అంటే స్వామి అలిగాడు, పొట్లకాయ అడిగాడు. ఈ సంగతి కొడకండ్ల దాకా పోయేసరికి, పొట్లకాయ ఇవ్వని ఊళ్లకు ఇక వాన లేదన్నంతగా పెరిగింది. జనం రావడం మొదలైంది. సైకిళ్ల మీద పొట్లకాయలు, బండ్ల మీద పొట్లకాయలు, తలల మీద పొట్లకాయలు. ధ్వజస్తంభం దగ్గర కుప్ప లేచింది.

"ఏందయ్యా గిది? ప్రసాదానికి నేను టమాట పప్పు అనుకున్న," అంది సరళ.

"పొట్లకాయ వండు," అన్నాడు జైపాల్, వేరే లోకంలోంచి.

గుడి వెనక్కి పోయి శశికళక్కకు ఫోన్ చేశాడు. అక్కడ కూడా ఒక మైకు ఉంది.

"అక్కా, ఇయ్యాల రైళ్లు నడుస్తలెవ్వట. ఇంకోనాడు వస్తరా?"

"నేను రైల్లనే ఉన్న తమ్మీ."

"గట్లనా. నడుస్తున్నదా?"

"నడుస్తున్నది. ఆ ఎనుక పాటేంది?"

"పక్కూరి మైకక్కా. ఏదో పెండ్లి."

"పెండ్లిల యూరియా ఏందయ్యా?" అని ఆమె అడుగుతుండగా జైపాల్ ఫోన్ పెట్టేశాడు. స్వామి గుడి గోడకు ఆనుకునే రెండు అబద్ధాలు ఆడినందుకు లెంపలు వేసుకున్నాడు. స్వామికి ఇచ్చిన మాట ఒకటి నిలబెట్టడానికి ఎన్ని అబద్ధాలు ఆడొచ్చో ఏ పురాణంలోనైనా ఉందేమో గుర్తు తెచ్చుకోబోయాడు. గుర్తు రాలేదు.

మధ్యాహ్నం గుడి ముందు ఆటో ఆగింది. ముందు పొట్లకాయలు దిగాయి. తర్వాత వాటి మనుషులు దిగారు. చివరికి తెల్లటి జుట్టు, పెద్ద బొట్టు, నేత చీరతో శశికళక్క దిగింది. ఆమె భుజం మీద మోకాళ్ల దాకా వేలాడుతూ ఒక పొట్లకాయ ఉంది.

"జైపాల్ అంటె నువ్వేనా తమ్మీ?"

"నేనే అక్కా."

"జాగ లేదని ఆటోల ఒకామె గిది నా మీద ఏసింది. సామి అడిగిండట గద. ఎక్కడ పెట్టాలె?"

జైపాల్ ధ్వజస్తంభం దగ్గరి కుప్ప వైపు చూసి తల దించుకున్నాడు.

"నేను నిన్ను ఒక్కటే అడిగిన," అంది ఆమె. గొంతులో కోపం లేదు, అదే అతనికి ఎక్కువ తగిలింది. ఆమె ఆటో వైపు తిరిగింది.

శశికళక్క వచ్చిందన్న మాట లోపలికి పాకి, జనమంతా గుమ్మం వైపు మెడలు చాచారు. పాడుతున్న జట్టు కూడా తిరిగి చూసింది. పాట ఆగిపోయింది. వీరస్వామి డోలక్ ఒక్కటే, తోడు లేని మనిషిలా, అలాగే మోగుతోంది. దీపం పక్క నుంచి వెంకటనర్సమ్మ లేచింది. ఆమె ఎన్నడూ పాడగా ఎవరూ వినలేదు. మైకు పట్టుకోవడం తెలియక రెండు చేతులూ జోడించి నిలబడి, వణికే గొంతుతో అంది:

"ఉత్త చేతుల వచ్చిన సామీ, ఏమి తేలేదని అలుగకు సామీ"

గుడిలో ఎవరికీ వంత పాడడం తోచలేదు. ఆటోలో ఒక కాలు పెట్టిన శశికళక్క ఆగింది. పాట తెగబోతోందని ఆమెకు తెలుసు, అది తెగకూడదనీ తెలుసు. వెనక్కి తిరిగి, చెప్పులు విడిచి, పొట్లకాయ దించడం మరిచిపోయి లోపలికి నడిచింది. ముసలామె పక్కన నిలబడి అదే చరణం అందుకుంది. గుడి మొత్తం వంత పాడింది.

పొద్దు గూకే దాకా ఆమె మైకు వదల్లేదు. ఆమె ఒక్కొక్క చరణం ఎత్తుతుంటే జనం తమకు తోచింది తెచ్చి స్వామి ముందు పెట్టారు. నవ్వొచ్చేవి నవ్వుతూ, రానివి ఊరికే.

దీపం కొండెక్కించి హారతి ఇచ్చాక జైపాల్ ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "తప్పయిందక్కా."

"తప్పు నాది," అంది శశికళక్క. "రికార్డింగు నాడు టేపు మిగిలిందన్నరు. టిఫిన్ డబ్బల పొట్లకాయ కూర ఉండె. అది సూసుకుంట రాసిన. అద్దాల గదిల ఒక్కదాన్నే కూసోని పాడిన. గిది ఒక్కరు పాడే పాట గాదయ్యా. నాకే గిప్పుడు ఎరుకైంది."

"మరి 'నీ గడప కాడ' ఒక్కటి పాడండక్కా. దానికోసమే గింత చేసిన."

ఆమె పాడింది. గొంతు ఏమీ తగ్గలేదు. జైపాల్ కళ్లు మూసుకున్నాడు. రెండో చరణం దగ్గర కళ్లు తెరిస్తే, వీరస్వామి డోలక్ మీద తల ఆనించి ఉన్నాడు. నాలుగో చరణం దగ్గర జనం చెప్పులు వెతుక్కుంటున్నారు. పాట కాస్త పొడుగేమో అనిపించింది జైపాల్‌కు. వెంటనే లెంపలు వేసుకున్నాడు, ఆ రోజుకు రెండోసారి. పాట అయీ కాకముందే వెనక నుంచి ఎవరో అడిగారు: "అక్కా, ఇంకొక్కసారి పొట్లకాయ?"

ప్రసాదానికి పొట్లకాయ కూర, పొట్లకాయ పప్పు, పొట్లకాయ పచ్చడి పెట్టారు. శశికళక్క కూర మారు వడ్డించుకుంది. పంక్తిలో పక్కన కూర్చున్న వెంకటనర్సమ్మను జైపాల్ మెల్లగా అడిగాడు. "అవ్వా, సామికి ఏ పాట ఇష్టమంటవ్?"

"నాకేమెరుక కొడుకా. సామి ఎన్నడన్న ఓటేసిండా?"

మర్నాడు జైపాల్ శశికళక్కను అభిమానుల గ్రూపులో చేర్చాడు. వీరస్వామి ఆమెకు దండం పెట్టి, వెంటనే కొత్త చర్చ లేపాడు: మొదటి పక్క పాటల్లో అన్నిటికన్నా నీరసమైనది ఏది. మొదటి ఓటు శశికళక్కదే, అది "నీ గడప కాడ"కు పడింది.