కొర్రీల నాన్న దరఖాస్తు

ఆ శనివారం ఉదయం కొర్రీల నాన్న పెట్టుకున్న పని ఒక్కటే, తొమ్మిదేళ్ళ కూతుర్ని ఈత పోటీల బ్యాచ్‌లో చేర్పించడం. ఆఫీసులో ఆయనది దరఖాస్తుల సీటు. తేదీ లేదని ఒకరిని, సంతకం గీత దాటిందని ఇంకొకరిని పద్దెనిమిదేళ్ళుగా కొర్రీలు వేసి తిప్పి పంపుతున్నాడు. ఆ పేరు అలా వచ్చి, ఇంటిదాకా పాకింది.

"నాన్నా, పోటీలెందుకు? ఊరికే ఈదుకుంటాను," అంది కూతురు దారిలో.

"ఊరికే చేసేదానికి విలువుండదమ్మా," అన్నాడు. పక్కింటి పిల్ల అలమరలో మూడు కప్పులున్నాయన్న సంగతి మాత్రం ఎత్తలేదు.

ఈతకొలను కౌంటర్లో ఫారం చూడగానే ఆయన చెయ్యి దానంతటదే నడిచింది. అభ్యర్థి దగ్గర తన పేరు, వయసు దగ్గర నలభై నాలుగు రాసేశాడు. మిగిలిన పేరు మిగిలిన గడిలో పడి, కూతురు సంరక్షకురాలైంది. చేరడానికి కారణం అన్నచోట కాసేపు ఆలోచించి, "క్రమశిక్షణ, ఏకాగ్రత, ఆత్మవిశ్వాసం" అని గుండ్రంగా రాశాడు.

కోచ్ అది చదివి లేచి నిలబడింది. "ఈ వయసులో కూడా క్రమశిక్షణ కావాలని వచ్చారు చూడండి, చాలా సంతోషమండీ! పెద్దల పోటీ బ్యాచ్‌లో వేసేశాను. మూడు వారాల్లో పోటీ."

పొరపాటైందని చెబితే సరిపోయేది. కానీ వెనక నిలబడ్డది లెక్కల మాస్టారు. పోయిన వారమే ఒక్క పొల్లు తప్పిందని మాస్టారి దరఖాస్తుని తనే తిప్పి పంపాడు. మాస్టారు కళ్ళజోడు సవరించుకుని ఫారం వైపే చూస్తున్నాడు.

"అవునండీ, ఎప్పట్నుంచో అనుకుంటున్నా," అనేశాడు కొర్రీల నాన్న.

ఇంటికొస్తే భార్య పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, ఆ నవ్వుతోనే తమ్ముడికి ఫోన్ చేసింది. ఆ తమ్ముడిదీ అదే ఆఫీసు. సోమవారానికల్లా అందరికీ తెలిసింది. పై అధికారి ముచ్చటపడి, సిబ్బంది అంతా పోటీకి రావాలని సర్క్యులర్ వేశాడు.

పోటీ రోజు సంరక్షకులు గట్టునే ఉండాలన్నది అక్కడి నిబంధన. కూతురు తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. ఈల మోగింది. మూడు వారాలు నేర్చిన ఈతతో సగం దూరంలోనే ఆయనకి ఊపిరి అందలేదు. మిగతావాళ్ళు అప్పటికే అవతలి గట్టు తాకారు. తలెత్తితే ఆఫీసు మొత్తం కనిపించింది.

"వదలకండి సార్, కానివ్వండి!"

మంచికే అరుస్తున్నారని తెలుసు. అయినా ఒక్కో అరుపుకీ ఒళ్ళు కుంచించుకుపోతోంది. కూతురికి తను ఇప్పించబోయింది సరిగ్గా ఇదేనని అప్పుడు తట్టింది. చాలా సిగ్గేసింది.

"నాన్నా, పక్కనున్న తాడు పట్టుకో. ఏం పర్లేదు, మెల్లగా రా," అంది కూతురు. అన్ని గొంతుల్లో ఆయనకి ఆ ఒక్కటే వినబడింది. తాడు పట్టుకుని గట్టు చేరాడు.

"అందరికన్నా చివర వచ్చాను. నీకు నామోషీగా లేదూ?" అన్నాడు, కూతురు తువ్వాలు కప్పుతుంటే.

"మునిగిపోతావేమోనని భయమేసింది. ఇంకేం అనిపించలేదు."

తడి బట్టలతోనే వెళ్ళి కొత్త ఫారం తీసుకున్నాడు. ఒక్కో గడీ వేలు పెట్టి చదివి, అభ్యర్థి దగ్గర కూతురి పేరు రాశాడు. పోటీ బ్యాచ్ అన్నది కొట్టేశాడు.

"కారణం ఏం రాయమంటావు తల్లీ?"

"ఊరికే."

అలాగే రాసి, సంతకం చేసి, మరిచిపోకుండా తేదీ వేశాడు.

సోమవారం ఆ ఫారం కొర్రీతో తిరిగొచ్చింది: కారణం సరిపోలేదు.